పొడిపిండి

ఫిబ్రవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చెయ్యకుండా అక్క ఉత్తరం రాస్తోందేమిటా అనుకుంటావు. ఫోన్లో మనిద్దరి సంగతి నీకు తెలియందా. మూడో మాటకి నువ్వు అరుస్తావు, నాలుగో మాటకి నేను పెట్టేస్తాను. పైగా ఈ రెండు గదుల ఇంట్లో నేనేం మాట్లాడినా మా అత్తయ్యకీ వినపడుతుంది, బొంగరానికీ వినపడుతుంది. ఆరేళ్ళ పిల్ల ఎదురుగా దాని జబ్బు గురించి ఎంతసేపని గొంతు తగ్గించి మాట్లాడను. అందుకే కాగితం.

జబ్బేమిటో తెలిసింది. రెండేళ్ళుగా దగ్గు, పాలిపోయిన మొహం, ఎన్ని టానిక్కులు పోసినా పెరగని రక్తం. ఉన్నచోట ఉండకుండా గిర్రున తిరుగుతుందని దానికి బొంగరం అని పేరు పెట్టింది నువ్వే కదా. ఇప్పుడది మూడు మెట్లెక్కి నాలుగో మెట్టు మీద కూర్చుంటోంది. పోయిన నెల దగ్గినప్పుడు చేతిరుమాల్లో ఎర్రగా పడింది. మీ బావకి ఫోన్ చేశాను. మీ బావ బాగుచేస్తున్న లిఫ్టుని రెండంతస్తుల మధ్య అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. లోపల మనుషులెవరూ లేరులే.

క్షయ అన్నారు, కాదన్నారు. న్యుమోనియా అన్నారు, కాదన్నారు. ఆఖరికి పెద్ద డాక్టరమ్మ పిల్లకి మత్తిచ్చి, ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం పంపి, కాసిని నీళ్ళతో కడిగి ఆ నీళ్ళని పరీక్ష చేయించింది. లోపల చిన్నచిన్నగా రక్తం కారుతోందట. ఆ రక్తంలోని ఇనుము అక్కడే తుప్పులా పేరుకుపోతోందట. హీమోసిడెరోసిస్ అంటారట. అది పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అసలు వింత అది కాదు. ఈ జబ్బున్న పిల్లల్లో కొందరికి గోధుమ పడని జబ్బు కూడా ఉంటుందని, ఎందుకైనా మంచిదని ఆ పరీక్ష కూడా చేయించింది. మా పిల్లకి ఒక్కనాడు కడుపునొప్పి లేదు, అజీర్తి లేదు, ఇదేం పరీక్ష అనుకున్నాను. తీరా చూస్తే అదే. సీలియాక్ అట. గోధుమ లోపలికెళ్తే ఒళ్ళు తనమీద తనే చెయ్యి చేసుకుంటుందట. కొన్నాళ్ళు స్టెరాయిడ్లు వాడాలి, కానీ అసలు మందు తిండే అంది. గోధుమ, బార్లీ ఇక జన్మలో ముట్టకూడదు. రవ్వంత కూడా. రవ్వంత అంటే నిజంగా రవ్వంతేనమ్మా అని రెండుసార్లు చెప్పింది.

కాబట్టి నువ్వు నెలనెలా పంపే బేకరీ పెట్టె ఇక పంపకు. బన్నులూ కేకులూ అన్నీ విషమే ఇప్పుడు. కోపం తెచ్చుకోకు.

మీ అక్క


ఫిబ్రవరి 16

అక్కా,

నీ ఉత్తరం బేకరీలో మూట మీద కూర్చుని చదివాను. ఏం మూట అనుకున్నావు, మైదా మూట. చదవడం అయ్యాక లేచి నిలబడి చదివాను మళ్ళీ.

కోపం దేనికి. ఒకటే బాధ. లారీ షెడ్డు, ఫొటో స్టూడియో, పంపుసెట్ల కొట్టు, గడియారాల మేస్త్రీ దగ్గర పదకొండు రోజులు, అన్నీ వదిలేసి ఇన్నాళ్ళకి ఒకచోట రెండేళ్ళు నిలబడ్డాను. ఆ నిలబడ్డ చోటే మా మేనకోడలికి పడనిదై కూర్చుంది. ఎనిమిదో తరగతి సగంలో బయటికొచ్చినవాణ్ణి, ఆ జబ్బు పేరు కూడబలుక్కుని చదువుతుంటే మా మేస్త్రీ పక్కనుంచి, ఏదైనా కొత్త కేకా అని అడిగాడు. మొత్తం చెప్పాను. ఆయన సంగతి తెలుసుగా, రోజుకి పది మాటలు లెక్కపెట్టి మాట్లాడతాడు. ఆ రోజు కోటాలో రెండు ఖర్చుపెట్టి, బియ్యప్పిండితో చెయ్యి, అన్నాడు.

నేను ఊరుకుంటానా. సెలవు రోజు బేకరీలో ఎవరూ ఉండరు, బట్టీ మాత్రం వేడిగానే ఉంటుంది. కొత్త ట్రే తెచ్చాను, కొత్త జల్లెడ తెచ్చాను. బల్లని వేడినీళ్ళతో కడిగాను. బియ్యప్పిండి, వెన్న, పంచదార, గుడ్డు. మొదటి వాయి రాయి. రెండో వాయి ఇసక. మూడో వాయి నోట్లో వేసుకుంటే కరిగింది. ముద్దలు చేసి అరచేత్తో నొక్కి కాల్చిన బిస్కెట్లు నూట ఇరవై ఈ డబ్బాలో పెట్టాను. చూడటానికి పిడకల్లా ఉన్నాయి, ఏమనుకోవద్దను.

బావ ఆ లిఫ్టు దించాడా లేదా, అది రాయలేదు నువ్వు.

ఉంటాను,
తమ్ముడు


మార్చి 22

తమ్ముడూ,

పిడకలు అయిపోయాయి. వెంటనే పంపు. పొద్దున ఒకటి, స్కూలుకి రెండు, సాయంత్రం ఒకటి, ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళకి చూపించి మరీ ఒకటి. క్లాసులో అందరూ కేకు తింటున్న రోజున టీచరు వేరే ఏమైనా ఇవ్వబోతే, మా మావయ్య నాకోసం స్పెషల్‌గా చేస్తాడు అని చెప్పిందట. నాకు టీచరు చెప్పింది. చెప్తుంటే నేను కిటికీ వైపు చూశాను.

ఇల్లంతా కడిగాం. పిండి డబ్బాలూ, రొట్టెల పెనమూ, చెక్క గరిటెలూ అన్నీ బయటికి. సాసు సీసా మీద కూడా చిన్న అక్షరాలు చదివే గతి పట్టింది. అన్నం, కూరలు, గుడ్లు, పళ్ళు, అంతే. స్టెరాయిడ్లకి పిల్ల మొహం గుండ్రంగా ఉబ్బింది. అద్దంలో చూసుకుని, ఇదెవరు అంటోంది. పోనీలే, దగ్గు తగ్గింది. రక్తం ఏడు నుంచి పదికొచ్చింది. నాలుగో మెట్టు దాటింది.

ఒక్క చిక్కు. అత్తయ్యకి పాలల్లో ముంచిన రొట్టె తప్ప పొద్దున ఏదీ గొంతు దిగదు, అలవాటు. పళ్ళు లేని మనిషిని ఏం మార్చుకోమంటాను. ఆవిడే, నేను బయట మెట్ల మీద తిని వస్తానమ్మా అంది. తిని, నోరు కడుక్కుని వస్తుంది. కానీ ఆ చీర కొంగు, ఆ చేతులు. పిల్ల ఎప్పుడూ ఆవిడ ఒళ్ళోనే. నేను చూస్తూ ఉంటాను. నేను చూస్తున్నానని ఆవిడా చూస్తూ ఉంటుంది. అదొక కొత్త కాపరం.

నువ్వు ఒకే పని మూడోసారి చేశావంటే నమ్మలేకపోయాను రా. నిజంగా. ఆ మూడో వాయి బిస్కెట్టుని నేను మొదట తినలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

లిఫ్టు దిగింది.

అక్క


ఏప్రిల్ 14

అక్కా,

పిడకల కాలం పోయింది. డబ్బా విప్పి చూడు. పిల్లి, బస్సు, గొడుగు, చేప. పాత రేకు డబ్బా కత్తిరించి అచ్చులు నేనే వంచాను. వేలు కూడా కత్తిరించుకున్నాను, బిస్కెట్లలో పడలేదులే. పిండిని కర్రతో పల్చగా ఒత్తి అచ్చుతో కోస్తే ఎంత నున్నగా వచ్చాయో చూడు. బియ్యప్పిండి ఒత్తడం మాటలు కాదు, అంటుకుంటుంది, విరుగుతుంది, ఏడిపిస్తుంది. మేస్త్రీ పిల్లిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, చెయ్యి కుదిరింది నీకు, అన్నాడు. రెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఆ పిల్లిని నేను తినలేదు, దాచుకున్నాను. చీమలు తిన్నాయి.

ఇకనుంచి పదిహేను రోజులకోసారి పంపుతాను. ఏ ఆకారం కావాలో బొంగరాన్ని అడిగి రాయి. ఏనుగు మాత్రం అడగొద్దను, తొండం విరుగుతోంది.

మీ అత్తగారి మీద ఒక కన్నేసి ఉంచు. ముసలాళ్ళకి మనవరాలు అడిగితే చెయ్యి ఆగదు.

తమ్ముడు


జూన్ 3

తమ్ముడూ,

మళ్ళీ మొదలైంది.

మే నెలంతా చిన్న దగ్గు. స్టెరాయిడ్ తగ్గిస్తున్నాం కదా, దానివల్లనేమో అనుకున్నాం. పోయిన శుక్రవారం దగ్గితే మళ్ళీ రక్తం పడింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నిన్ననే ఇంటికొచ్చాం. పదికొచ్చిన రక్తం మళ్ళీ ఎనిమిదికి దిగింది. గోధుమ పరీక్షలో మార్చి కల్లా తగ్గడం మొదలైన అంకె మళ్ళీ పైకెక్కింది.

డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది, అందుకే ఎక్కువ భయమేసింది. ఎక్కడో గోధుమ లోపలికెళ్తోందమ్మా అంది. ఇలాగే పోతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, అప్పుడు తిండి మార్చినా వెనక్కి తేలేం అంది. పిల్ల తినే ప్రతిదీ, ఎవరు ఎలా చేస్తారో సహా కాగితం మీద రాసుకు రమ్మంది.

రాశాను. అన్నీ నా చేతులతో వండినవే. ఇక మిగిలింది మెట్ల మీది రొట్టె. మొన్న పిల్ల ఒళ్ళో పడుకున్నప్పుడు అత్తయ్య కొంగు దులిపితే రెండు తుంపులు రాలాయి. అడిగాను. నేను పెట్టలేదమ్మా, ఒట్టు, అంది. మళ్ళీ అడిగాను. లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది.

బిస్కెట్లు ఎలా చేస్తావో కూడా ఒక ముక్క రాసి పంపు, కాగితంలో చేర్చాలి. నీ మీద అనుమానం కాదు. అన్నీ రాయమంది కాబట్టి.

అక్క


జూన్ 9

అక్కా,

రాస్తున్నాను చూసుకో, ఒక్క ముక్క వదలకుండా. సెలవు రోజు పొద్దున. బల్ల వేడినీళ్ళతో కడుగుతాను. ట్రే వేరు, జల్లెడ వేరు, గిన్నె వేరు, మూడూ వేరే సంచిలో ఉంటాయి, ఎవర్నీ ముట్టుకోనివ్వను. బియ్యం నేనే కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీ పడతాను. వెన్న, పంచదార, గుడ్డు కలిపి, బియ్యప్పిండి జల్లించి, ముద్ద చేసి, గంట నాననిచ్చి, ఒత్తి, అచ్చుతో కోసి, బట్టీలో పావుగంట. చల్లారాక డబ్బాలో. అంతే. డాక్టరమ్మకి చూపించు. కావాలంటే ఆవిడకీ ఒక డబ్బా పంపుతాను.

ఇప్పుడు నా మాట విను. ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు. పిల్ల ప్రాణం కంటే మీ అత్తగారి పాలూ రొట్టే ఎక్కువా. ఆవిడకి కూతురుందిగా, నాలుగు నెలలు అక్కడుండమను. ఆవిడ మంచిదే, కాదన్లేదు. నాకు పెళ్ళిచూపుల్లో ఎవరూ నచ్చలేదంటే నవ్వి భుజం తట్టిన మనిషి. కానీ మంచితనంతో ఊపిరితిత్తులు బాగవుతాయా. బావ మొహమాటపడతాడు, నువ్వే తేల్చు. మొన్నటిలా ఇంకోసారి అయితే ఏం చేస్తావు.

గట్టిగా రాశాననుకోకు. ఆసుపత్రి సంగతి చదివినప్పటినుంచి నాకు పని మీద ధ్యాస లేదు, రెండు వాయిలు మాడ్చాను.

తమ్ముడు


జూన్ 20

తమ్ముడూ,

అత్తయ్య మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళమనలేదు. ఆవిడ కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉంటే మంచిదేమో అన్నాను. రెండూ ఒకటేనని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. చీరలు నాలుగు సర్దుకుంది. కళ్ళజోడు మర్చిపోయి మళ్ళీ పైకొచ్చింది. బావ బస్సెక్కించి వచ్చి అన్నం తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పిల్ల ఎందుకెళ్ళిందని అడుగుతుంటే, నానమ్మ రొట్టె తింటుంది కదా, అది నీకు పడదు, అందుకని, అని చెప్పాను. ఇంకేం చెప్పను. ముభావంగా తిరుగుతోంది. నీ డబ్బా ఒక్కటే దానికి సంతోషం. ఈసారి రెండు పంపు, అన్నం సరిగ్గా తినడం లేదు.

అక్క


జూలై 2

అక్కా,

ఇంట్లో ఉన్న బిస్కెట్లన్నీ పారెయ్యి. ఈ ఉత్తరం అందిన వెంటనే. వెన్న పాడైపోయింది, చూసుకోలేదు. పిల్లకి ఒక్కటి కూడా పెట్టకు. డబ్బాలు కూడా పారెయ్యి, కడిగి వాడుకోకు.

కొన్నాళ్ళు పంపలేను. ఇక్కడ పని ఎక్కువైంది. పళ్ళు పెట్టు.

తమ్ముడు


సెప్టెంబర్ 15

తమ్ముడూ,

రెండు నెలలైంది నీ దగ్గర్నుంచి కాగితం రాక. బతికున్నావా, కొత్త పనిలో చేరావా. బేకరీ వదిలేశానని మాత్రం రాయకు.

మంచి కబురు. జూలై తర్వాత ఒక్కసారి కూడా రక్తం పడలేదు. దగ్గు లేదు. రక్తం పదకొండున్నర. గోధుమ అంకె సగానికి సగం దిగింది. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూస్తూ, ఎక్కడ లోపలికెళ్తోందో పట్టుకున్నారన్నమాట, అంది. పట్టుకున్నామండీ అన్నాను. నిన్న బొంగరం నాలుగంతస్తులు ఆగకుండా ఎక్కి, పైనుంచి నన్ను పేరు పెట్టి పిలిచింది. తిట్టాలనిపించలేదు.

నువ్వు చెప్పిందే నిజమైంది రా. అత్తయ్య వెళ్ళిన నెలలోపే మార్పు. ఒట్టు పెట్టి మరీ అబద్ధం చెప్పిందంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు, కానీ పరీక్ష కాగితం అబద్ధం చెప్పదుగా. ఆవిడ ఇక్కడికి రాకపోవడమే మంచిదని బావతో తేల్చి చెప్పేశాను. ఆయన సరే అన్నాడు. ఆయన సరే అన్న తీరు నీకు రాయలేను.

ఒక్కటే బాధ. ఆదివారం ఆవిడ ఫోన్ చేసింది. పిల్లకి ఇచ్చాను. ఎలా ఉన్నావే తల్లీ అని అడిగినట్టుంది. ఇది చాలా మామూలుగా, నువ్వు రావద్దు నానమ్మా, నువ్వొస్తే నాకు రక్తం పడుతుంది, అంది. నేను ఫోన్ లాక్కునేలోపు అటువైపు పెట్టేశారు.

చిన్నపిల్ల. దానికేం తెలుసు.

నువ్వెలా ఉన్నావో రాయి.

అక్క


సెప్టెంబర్ 21

అక్కా,

కూర్చుని చదువు. బావ ఇంట్లో ఉంటే ఆయన్ని కూడా కూర్చోమను.

వెన్న పాడవలేదు. పాడయింది నేను.

జూన్ ఆఖరి సెలవు రోజు రెండు డబ్బాలు పంపమన్నావని బిస్కెట్లు చేస్తున్నాను. మేస్త్రీ ఏదో మర్చిపోయి వచ్చాడు. వచ్చినవాడు వెళ్ళకుండా గోడకి ఆనుకుని నన్ను చూస్తూ నిలబడ్డాడు. నేను ముద్ద తీసి బల్ల మీద వేశాను, కర్ర తీశాను. అప్పుడాయన, మీ అక్కకి అన్నీ రాశానన్నావే, ఇది రాశావా, అన్నాడు.

ఏది, అన్నాను.

నీ ఎడం చెయ్యి, అన్నాడు.

చూసుకున్నాను అక్కా. నా ఎడం చెయ్యి బల్ల కింద మైదా డబ్బాలో ఉంది.

ఏ ముద్ద ఒత్తాలన్నా ముందు బల్ల మీద గుప్పెడు పొడిపిండి చల్లాలి, లేకపోతే అంటుకుంటుంది. నేను రోజుకి మూడొందలసార్లు చల్లుతాను. కుడిచెయ్యి కర్ర తీసుకునేలోపు ఎడంచెయ్యి చల్లేస్తుంది. నేను చల్లను, అది చల్లుతుంది. కన్ను రెప్ప వేసినట్టు. నీకు ఒక్క ముక్క వదలకుండా రాశానన్న కాగితంలో ఆ ముక్క లేకపోవడానికి దాచడం కారణం కాదు. నాకు అది పని కిందే లెక్కలేదు. పిడకలు చేసిన రోజుల్లో ఒత్తడం లేదు, చల్లడం లేదు, పిల్ల బాగుపడింది. పిల్లీ బస్సూ గొడుగూ వచ్చాక ప్రతి బిస్కెట్టుకీ అడుగున మైదా పూసి పంపాను. ఎంత నున్నగా వచ్చాయో చూడు అని రాశాను కూడా.

మేస్త్రీ ఇంకోటి చెప్పాడు. బల్ల కడిగితే ఏం లాభం, ఈ గదిలో గాలికి కూడా పిండే, ఇక్కడ చేసింది ఏదీ ఆ పిల్లకి పనికిరాదు, నాకు ముందే తట్టాల్సింది, అని. ఆయన అలా తలొంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

పారెయ్యమని రాసినప్పుడే ఇదంతా రాయాల్సింది. రాశాను. మూడుసార్లు రాసి చించాను. నా జన్మలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకున్నావు నువ్వు. ఆ మాట వెనక్కి తీసుకుంటావని భయమేసింది. పిల్ల ఎలాగూ తినడం మానేసింది, బాగుపడుతుంది, ఇక చెప్పకపోయినా ఎవరికీ నష్టం లేదనుకున్నాను. మీ అత్తగారు కూతురింట్లో హాయిగానే ఉందిలే అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. నీ ఉత్తరంలో ఆ ఫోన్ సంగతి చదివేదాకా.

ఆవిడ ఏం పెట్టలేదు. ఒట్టు నిజం. ఆవిడని పంపించెయ్యమని రాసిన చెయ్యీ, పిల్లకి రక్తం తెప్పించిన చెయ్యీ నాదే.

నువ్వు ఏమన్నా పడతాను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

తమ్ముడు


అక్టోబర్ 8

తమ్ముడూ,

రెండు వారాలు ఏమీ అనకుండానే ఉన్నాను. కావాలనే. అందులో మొదటి వారం నీ మీద కోపం. రెండో వారం నా మీద.

డాక్టరమ్మ కాగితంలో నేను బియ్యప్పిండి బిస్కెట్లు, మా తమ్ముడు చేస్తాడు, అని రాశాను. బేకరీలో చేస్తాడని రాయలేదు. రాస్తే ఆవిడ వెంటనే వద్దనేది. నాకా సంగతి ఏ మూలో తెలుసేమో. పిల్లకి ఉన్న ఒక్క సంతోషం, నువ్వు నిలబడ్డ ఒక్క పని, రెండూ పోతాయని కలం దాటేసింది. నీకు ఎడంచెయ్యి అయితే నాకు కుడిచెయ్యి. కాబట్టి నిన్ను తిట్టే హక్కు సగమే ఉంది. ఆ సగం కలిసినప్పుడు వాడుకుంటాను. చల్లినందుకు కాదు, మూడు నెలలు నోరు మూసుకున్నందుకు.

నిన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. నాకు చెప్పడానికి నోరు రాక, నీ ఉత్తరమే అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ వరండాలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని నేను చూస్తున్నాను.

అయితే నేను కాదన్నమాట, అంది.

కాదత్తయ్యా అన్నాను.

నేను కాదన్నమాట, అని మళ్ళీ అంది. నన్ను అడగడం కాదు, తనకి తను చెప్పుకోవడం. అప్పుడు చేతులు చూశాను రా. మణికట్టు దాకా చర్మం పగిలి తెల్లగా ఉంది. రోజుకి ఇరవైసార్లు సబ్బుతో కడుగుతోందని మా ఆడపడుచు చెప్పింది. ఆవిడకి ఒట్టు పెట్టినప్పుడు గట్టిగానే తెలుసట, తను పెట్టలేదని. కానీ తను వచ్చేశాక పిల్ల బాగుపడిందని విన్నాక నమ్మకం పోయిందట. ఏ రోజు తిని చెయ్యి కడుక్కున్నానో, ఏ రోజు మర్చిపోయానో అని మార్చి నుంచి ఒక్కో రోజూ గుర్తు చేసుకుంటూ కూర్చుందట. పాలల్లో రొట్టె మానేసింది. మెత్తగా పిసికిన అన్నం తింటోంది.

మనం ఆవిడ మీద వేసిన నింద ఒక ఎత్తు. ఆవిడ దాన్ని నిజమనుకోవడం ఒక ఎత్తు.

రమ్మన్నాను. కాళ్ళు పట్టుకోబోతే, అవేం పనులు, లే, అంది. వస్తానంది. కానీ ఒక మాట అంది. పిల్లకి ఈ సంగతి మీ తమ్ముడే చెప్పాలి. నేను చెప్తే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటుంది, నువ్వు చెప్తే తమ్ముడి మీద చాడీ చెప్పినట్టుంటుంది. అతను వచ్చి దాని కళ్ళలోకి చూసి చెప్పాక, మర్నాడు నేను బస్సెక్కుతాను. అంతవరకూ రాను.

పిల్లకి నువ్వంటే ఎంత ఇష్టమో ఆవిడకి తెలుసు. తెలిసే అడిగింది, కక్షతో మాత్రం కాదు.

వస్తావా?

అక్క


అక్టోబర్ 14

అక్కా,

గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. మేస్త్రీని నాలుగు రోజులు సెలవడిగితే, ఇంకో నాలుగు కలిపి ఇచ్చాడు. బేకరీ వదలడం లేదు, అది అడగకముందే చెప్తున్నాను. వేసుకునే బట్టలు రెండుసార్లు ఉతికి ఇంట్లోనే ఆరేశాను. ఏమీ తేవడం లేదు. పిల్ల డబ్బా ఏదని అడుగుతుంది, అడగనీ.

ఏం చెప్పాలో నాలుగు రోజులుగా కూడబలుక్కుంటున్నాను. మొదట పొడిపిండి నుంచి మొదలుపెట్టి, బల్ల, కర్ర, అచ్చులు, అన్నీ వివరంగా వచ్చేలా అనుకున్నాను. మేస్త్రీ ముందు చెప్పి చూశాను. నీ గురించి ఎక్కువుంది, తగ్గించు, అన్నాడు. తగ్గించాను. నాకు తెలియక జరిగింది అన్న ముక్క మిగిలింది. ఆయన దానికీ తల అడ్డంగా ఊపాడు. అదీ తీసేశాను.

ఇప్పుడు మిగిలింది ఇంతే: నీకు రక్తం పడింది నానమ్మ వల్ల కాదు, నా బిస్కెట్ల వల్ల.

అది చెప్పి ఊరుకుంటాను. ఆ తర్వాత నన్ను అడగాల్సినవి అది అడుగుతుంది. ఎన్ని రోజులైనా కూర్చుని జవాబు చెప్తాను. శుక్రవారం బస్సుకి అత్తయ్యగారిని తయారుగా ఉండమను. ఆవిడ దిగేటప్పుడు పిల్లని తీసుకుని స్టాండు దగ్గరికి వెళ్తాను, అది నాతో రావడానికి ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే నువ్వు తీసుకెళ్ళు, నేను మీ వెనకాల నడుస్తాను.

తమ్ముడు